బ్లాక్ గుర్తింపు, రేసిజం, మనసు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాకి చదువుకి వచ్చిన తెలుగు పిల్లలు, ఇక్కడే స్థిరపడిన తల్లిదండ్రులు, బ్లాక్ కుటుంబాలతో వియ్యమందుకున్నవాళ్ళు ఇవే ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు. కొందరు మొహమాటపడుతూ అడుగుతారు, కొందరు సూటిగా అడుగుతారు. ఎలా అడిగినా మంచిదే, అడక్కుండా మనసులో ఏదో అనేసుకోవడం కంటే. వాళ్ళు అడిగిన మాటల్లోనే ప్రశ్నలు ఉంచాను. ఏది కావాలంటే అది చదువుకోవచ్చు.

## మొదట్లో వచ్చే సందేహాలు

రేసిజం అంటే ఎవరో నోరు పారేసుకోవడమే కదా. దాన్ని మానసిక ఆరోగ్యం దాకా ఎందుకు తీసుకెళ్తారు?

ఎప్పుడో ఒక తిట్టు అయితే నాలుగు రోజులకి మర్చిపోవచ్చు. రోజూ జరిగేవి వేరు. షాపులో అడుగు పెట్టగానే సెక్యూరిటీ మనిషి వెనకాలే తిరుగుతాడు. లిఫ్టులో పక్కనున్నావిడ హ్యాండ్‌బ్యాగు దగ్గరికి లాక్కుంటుంది. మీటింగులో మీరు చెప్పిన మాట ఎవరూ పట్టించుకోరు, అదే మాట పది నిమిషాలకి ఇంకొకరు చెప్తే అందరూ తలలూపుతారు. హార్వర్డ్‌లో సైకియాట్రిస్టుగా పనిచేసిన బ్లాక్ డాక్టర్ చెస్టర్ పియర్స్ 1970లో ఇలాంటివాటికి మైక్రో అగ్రెషన్స్ అని పేరు పెట్టారు.

విడిగా చూస్తే ఒక్కొక్కటీ చిన్నదే. కానీ జరిగిన ప్రతిసారీ "ఇది నా రంగు వల్లా, లేక నాకే అలా అనిపిస్తోందా" అని లోపల లెక్క వేసుకోవాలి. అడిగితే "నువ్వు మరీ సెన్సిటివ్" అంటారు, అడక్కపోతే కడుపులో ఉండిపోతుంది. మనిషి సగం అలిసిపోయేది ఆ లెక్కలోనే. ఎప్పుడూ అప్రమత్తంగా ఉండే శరీరానికి నిద్ర సరిగా పట్టదు, బీపీ పెరుగుతుంది. ఈ ఒత్తిడి బ్లాక్ మహిళల ఆరోగ్యాన్ని వయసుకి ముందే అరగదీస్తోందని ఆర్లీన్ జెరోనిమస్ అనే పరిశోధకురాలు 1992లోనే రాశారు. ఆవిడ దానికి పెట్టిన పేరు 'వెదరింగ్'.

బానిసత్వం పోయి 160 ఏళ్ళు దాటింది. ఇంకా అదే పట్టుకుని ఉంటారెందుకు?

1865లో బానిసత్వం రద్దయింది. ఆ తర్వాత కూడా దక్షిణాది రాష్ట్రాల్లో బడి, బస్సులో సీటు, మంచినీళ్ళ కుళాయి అన్నీ బ్లాక్ వాళ్ళకి చట్టం ప్రకారమే వేరుగా ఉండేవి. ఆ చట్టాల నడుం విరిగింది 1964 పౌరహక్కుల చట్టంతో, 1965 ఓటుహక్కు చట్టంతో. అట్లాంటాలో ఇవాళ 75 ఏళ్ళున్న తాతగారు తెల్లపిల్లలు లేని బడిలో అక్షరాలు దిద్దిన మనిషి. ఆయన పిల్లలు, మనవలే మీ ఆఫీసులో పక్క సీట్లో ఉన్నవాళ్ళు.

బ్లాక్ వాళ్ళలో డిప్రెషన్ ఎక్కువా?

ఎక్కువేనని చాలామంది అనుకుంటారు. 2007లో వచ్చిన ఒక పెద్ద జాతీయ సర్వే వేరే సంగతి చెప్పింది. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు తీవ్రమైన డిప్రెషన్ వచ్చినవాళ్ళు తెల్లవాళ్ళలో 17.9 శాతమైతే, ఆఫ్రికన్ అమెరికన్లలో 10.4 శాతమే. అయితే వచ్చాక అది వదలకుండా పీడించడం మాత్రం తెల్లవాళ్ళలో 38.6 శాతం మందికి, ఆఫ్రికన్ అమెరికన్లలో 56.5 శాతం మందికి. పైగా డిప్రెషన్‌తో బాధపడుతున్న ఆఫ్రికన్ అమెరికన్లలో సగం మందికి కూడా వైద్యం అందలేదు.

అంటే వీళ్ళ మనసు బలహీనం అనడానికి ఆధారమే లేదు. కుటుంబం, చర్చి, తమవాళ్ళన్న అభిమానం ఇన్నాళ్ళూ కాచుకుంటూ వచ్చాయి. జబ్బు పడ్డాక పట్టించుకునే వైద్యం దొరకకపోవడమే అసలు అన్యాయం.

## గుర్తింపు, "నిజమైన బ్లాక్" అనే పరీక్ష

"నువ్వు బ్లాక్ అమ్మాయిలా మాట్లాడవు, ఎంత బాగా మాట్లాడతావో" అన్నాను. పొగడ్తే కదా, ఎందుకు ముఖం ముడుచుకుంది?

బ్లాక్ వాళ్ళు బాగా మాట్లాడరని మీరు ముందే అనుకున్నట్టు ఆ మాటలో ఉంది. ఆవిడని పొగడటానికి ఆవిడ అమ్మనీ, అక్కచెల్లెళ్ళనీ కించపరిచారు. "బాగా వివరించావు" అని ఊరుకుంటే అది పొగడ్త.

ఇప్పటికే అనేసి ఉంటే పెద్ద సంజాయిషీ ఇవ్వకండి. "అలా అనకుండా ఉండాల్సింది, సారీ" అంటే చాలు. అరగంట వివరణ ఇస్తే ఆవిడే మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది.

సొంతవాళ్ళే "నువ్వు తెల్లవాళ్ళలా ప్రవర్తిస్తావు" అని వెక్కిరిస్తారట. నిజమేనా?

నిజమే, చాలామంది చిన్నప్పుడు ఈ మాట పడ్డారు. పుస్తకాలు ఎక్కువ చదివినా, రాక్ సంగీతం విన్నా, తెల్లపిల్లలు ఎక్కువగా ఉండే బడికి వెళ్ళినా ఈ మాట వస్తుంది. సిగ్నితియా ఫోర్డమ్, జాన్ ఓగ్బు 1986లో దీని మీద ఒక వ్యాసం రాశారు. బాగా చదివితే తెల్లవాళ్ళలా అయిపోయావంటారన్న భయంతో కొందరు బ్లాక్ పిల్లలు చదువులో వెనక్కి తగ్గుతున్నారని వాళ్ళ వాదన. దాన్ని పట్టుకుని "చూశారా, వాళ్ళకి చదువంటే ఇష్టం ఉండదు" అని తీర్పులిచ్చినవాళ్ళు కోకొల్లలు. తర్వాత వచ్చిన అధ్యయనాలు ఆ వాదనని గట్టిగానే ప్రశ్నించాయి. బ్లాక్ కుటుంబాలు చదువుకి ఇచ్చే విలువ ఎవరికీ తీసిపోదు. బానిసలకి అక్షరాలు నేర్పడం నేరంగా ఉన్న రోజుల్లో దొంగచాటుగా నేర్చుకున్నవాళ్ళ వారసులు వీళ్ళు.

మరి వెక్కిరింపు ఎందుకు? నలుగురూ ఒక్కటిగా నిలబడితే తప్ప బతకలేని చోట, ఒకరు వేరుగా కనిపిస్తే "వీడు మనల్ని వదిలేస్తాడేమో" అన్న బెంగ పుడుతుంది. బెంగ అర్థం చేసుకోదగ్గదే, కానీ దాని దెబ్బ తగిలేది పదమూడేళ్ళ పిల్లకి. బయట "నువ్వు మాలాంటిదానివి కాదు" అంటారు, ఇంటి దగ్గరా అదే మాట. బ్లాక్‌గా ఉండటానికి సిలబస్ లేదు. కామిక్ పుస్తకాలు చదివే అబ్బాయీ బ్లాకే, ఒపేరా పాడే అమ్మాయీ బ్లాకే. ఈ మాట చిన్నప్పుడే ఎవరో ఒకరు గట్టిగా చెప్పి ఉంటే చాలామంది పెద్దయ్యాక థెరపిస్టు ముందు కూర్చుని ఆ వయసు గురించి ఏడవక్కర్లేకపోయేది.

కోడ్ స్విచింగ్ అంటే ఏమిటి? అది నటించడమే కదా?

చోటుని బట్టి మాట తీరు మార్చుకోవడమే కోడ్ స్విచింగ్. ఇంట్లో ఒక యాస, ఆఫీసులో ఒక యాస మనకీ ఉంటాయి. బ్లాక్ వాళ్ళకి తేడా ఏమిటంటే, యాస మార్చకపోతే ఇల్లు దొరకదు, ఉద్యోగం దొరకదు. జాన్ బా అనే భాషాశాస్త్రవేత్త, సహచరులతో కలిసి, కాలిఫోర్నియాలో ఇల్లు అద్దెకి కావాలంటూ ఒకే గొంతుతో వేర్వేరు యాసల్లో ఫోన్లు చేశారు. 1999లో అచ్చయిన ఆ అధ్యయనంలో, తెల్లవాళ్ళు ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో బ్లాక్ యాస వినిపించగానే ఇల్లు చూపిస్తామనేవాళ్ళు బాగా తగ్గిపోయారు.

నా స్నేహితురాలు ఒకావిడ మేనేజర్‌కి ఫోన్ చేసే ముందు కారు అద్దాలు ఎత్తి, గొంతు సవరించుకుని, "హాయ్, గుడ్ మార్నింగ్" అని మూడు నాలుగు రకాలుగా పలికి చూసుకుంటుంది. కోపం వినిపించకూడదు, మరీ చనువూ వినిపించకూడదు. ఫోన్ పెట్టేశాక సీటు వెనక్కి వాల్చి కాసేపు కళ్ళు మూసుకుంటుంది. ఆ తర్వాత వాళ్ళ అక్కకి ఫోన్ చేస్తే అసలు గొంతు వస్తుంది, నవ్వు కూడా వస్తుంది.

దాన్ని నటన అనడం అన్యాయం. రెండు గొంతులూ ఆవిడవే. తనని తాను ఎప్పుడూ ఎదుటివాళ్ళ కళ్ళతో చూసుకోవాల్సి రావడం గురించి డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ అనే బ్లాక్ రచయిత 1903లోనే రాశాడు, దాన్ని ద్వంద్వ చైతన్యం అన్నాడు. రోజంతా అలా ఉండాల్సి వస్తే మనసు అలిసిపోతుంది. "నీలా నువ్వు ఉండు" అని సలహా ఇచ్చే ముందు, అలా ఉంటే ఆవిడ ఉద్యోగానికి ఏమవుతుందో కూడా ఆలోచించాలి.

జుట్టు గురించి ఇంత గొడవ దేనికి?

పుట్టుకతో వచ్చిన జుట్టుని చూసి "శుభ్రంగా లేదు, ప్రొఫెషనల్‌గా లేదు" అని ఉద్యోగాల నుంచి, బడుల నుంచి పంపేశారు కాబట్టి. అలాంటి వివక్షని నిషేధిస్తూ 2019లో కాలిఫోర్నియా మొదటగా క్రౌన్ యాక్ట్ తెచ్చింది. మన తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే టెక్సస్‌లో 2023లో వచ్చింది.

చట్టం వచ్చినా ఇంటర్వ్యూ ముందు రోజు రాత్రి టెన్షన్ పోలేదు. జడలు అలాగే ఉంచాలా, విప్పి స్ట్రెయిట్ చేయించుకోవాలా అన్నది పెద్ద నిర్ణయం. చిన్న జడలు అల్లించుకోవాలంటే గంటలకి గంటలు కుర్చీలో కూర్చోవాలి. చాలా ఇళ్ళల్లో అమ్మ మోకాళ్ళ మధ్య కూర్చుని, నెత్తికి నూనె పట్టించుకుంటూ, చెవి దగ్గర దువ్వెన తగిలి "అబ్బా" అంటూ గడిపిన శనివారాలే బాల్యం. అందుకే అడక్కుండా ఆ జుట్టు మీద చెయ్యి వేస్తే వాళ్ళకి ఒళ్ళు మండుతుంది. ముట్టుకోకండి, అడిగి కూడా ముట్టుకోకండి.

నైజీరియా నుంచి వచ్చినవాళ్ళు, ఇండియన్ అమ్మ ఉన్న పిల్లలు కూడా బ్లాకేనా?

వాళ్ళు అవునంటే అవును. కమలా హ్యారిస్ తల్లి మద్రాసు నుంచి, తండ్రి జమైకా నుంచి వచ్చారు. ఆవిడ చదివింది బ్లాక్ విద్యార్థుల కోసం 1867లో పుట్టిన హోవర్డ్ యూనివర్సిటీలో. అయినా 2024 జులైలో బ్లాక్ జర్నలిస్టుల సభలో ట్రంప్ ఆవిడ ఉన్నట్టుండి బ్లాక్ అయిపోయిందన్నట్టు మాట్లాడాడు. అప్పటి ఉపాధ్యక్షురాలికే తప్పని ప్రశ్న, మిశ్రమ కుటుంబాల్లో పిల్లలకి రోజూ ఎదురవుతుంది. వాళ్ళని "ఎంత శాతం" అని అడగకండి.

జాతి గురించి అంతగా తలుచుకోవడం వల్లే బాధ పెరుగుతుందేమో. మర్చిపోతే హాయి కదా?

ఇది మంచి మనసుతో అడిగే ప్రశ్నే, కానీ పరిశోధన దీనికి ఎదురు చెప్తోంది. విలియం క్రాస్ అనే బ్లాక్ మనస్తత్వ శాస్త్రవేత్త 1971లో ఈ ప్రయాణాన్ని దశలుగా వివరించాడు. మొదట్లో మనిషికి తన జాతి పెద్ద విషయం అనిపించదు. తర్వాత ఏదో ఒక దెబ్బ తగులుతుంది, స్కూల్లో ఒక మాట కావచ్చు, పోలీసు ఆపడం కావచ్చు. అప్పుడు బ్లాక్ చరిత్ర, బట్టలు, సంగీతం, స్నేహాలు అన్నిట్లో మునిగిపోతాడు, తెల్లవాళ్ళంటే కోపం కూడా రావచ్చు. కొన్నాళ్ళకి ఆ వేడి తగ్గి, బ్లాక్‌గా ఉండటం ఇక ఎవరికీ నిరూపించక్కర్లేని విషయమవుతుంది. అక్కడికి చేరినవాడు అందరితోనూ స్థిమితంగా ఉండగలడు. అందరూ ఈ వరసలోనే నడుస్తారని లేదు.

1998లో రాబర్ట్ సెల్లర్స్ బృందం ఇంకొంచెం సూక్ష్మంగా చూసింది. జాతి తనకి ఎంత ముఖ్యం అన్నది ఒకటి, తనవాళ్ళ గురించి తనకి ఎంత గౌరవం ఉంది అన్నది ఇంకొకటి, బయటివాళ్ళు తమని ఎలా చూస్తున్నారనుకుంటాడు అన్నది మరొకటి. తనవాళ్ళంటే మనసులో గౌరవం ఉన్న యువతకి డిప్రెషన్, ఆందోళన తక్కువగా ఉంటున్నాయని ఆ తర్వాత చాలా అధ్యయనాల్లో తేలింది. జాతిని ముఖ్యంగా భావించేవాళ్ళు వివక్షని ఎక్కువగా గమనిస్తారు, ఆ మాటా నిజమే. కానీ అవమానం జరిగినప్పుడు "తప్పు నాలో ఉంది" అనుకోకుండా "తప్పు వాళ్ళది" అనుకోగలగడం చిన్న బలం కాదు. మర్చిపొమ్మంటే ఆ బలాన్నే వదులుకోమన్నట్టు.

## దెబ్బ తగిలినప్పుడు

పోలీసులు ఎవరినో చంపిన వీడియో చూసి మా రూమ్మేట్ రెండు రోజులు గదిలోంచి రాలేదు. చనిపోయినవాడు తనకి తెలిసినవాడు కూడా కాదు. ఏం చేయాలి?

తెలిసినవాడు కాకపోయినా తన తమ్ముడిలా ఉన్నాడు. 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, ఆయుధం లేని బ్లాక్ వ్యక్తిని పోలీసులు చంపినప్పుడు ఆ రాష్ట్రంలోని బ్లాక్ వాళ్ళ మానసిక ఆరోగ్యం ఆ తర్వాతి నెలల్లో దెబ్బతింటోంది. తెల్లవాళ్ళలో ఆ మార్పు కనిపించలేదు. 2020 మే 25న మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ అనే బ్లాక్ మనిషిని పోలీసు చంపిన వీడియో ఎన్నిసార్లు ఎన్ని తెరల మీద తిరిగిందో గుర్తు చేసుకోండి.

తలుపు కొట్టి "అన్నం వండాను, తింటావా" అనండి. వద్దంటే గిన్నె బయట పెట్టండి. వీడియో గురించి మీరు ఎత్తకండి, చట్టం ఏమంటుందో వాదించకండి. తను చెప్తే వినండి. రెండు వారాలు దాటినా నిద్ర, తిండి, క్లాసులు గాడిన పడకపోతే కౌన్సెలింగ్ సెంటర్‌కి మీరూ తోడెళ్తానని చెప్పండి.

బ్లాక్ ఆడవాళ్ళు చాలా స్ట్రాంగ్ అంటారు. అది గర్వంగా చెప్పుకునేదే కదా?

గర్వం ఉంది, దాని వెనక ఖర్చూ ఉంది. ఏడవకూడదు, ఎవరినీ సాయం అడక్కూడదు, అందరినీ మోయాలి అన్న కట్టుబాటుని షెరిల్ వుడ్స్-జిస్కోంబే అనే పరిశోధకురాలు 2010లో 'సూపర్‌వుమన్ స్కీమా' అని వర్ణించారు. మగవాళ్ళ విషయంలో షెర్మన్ జేమ్స్ 1980ల్లో ఇలాంటిదే గమనించాడు. ఎన్ని అడ్డంకులున్నా ఇంకా కష్టపడి గెలవాలని పంతం పట్టిన పేదవాళ్ళలో బీపీ ఎక్కువగా కనిపించింది. "నువ్వు స్ట్రాంగ్" అంటే డాక్టరు కూడా నొప్పిని తక్కువగా లెక్కేస్తాడు. మీ స్నేహితురాలితో ఆ మాట బదులు "ఈ వారం పిల్లల్ని నేను దింపుతాను" అనండి.

మగపిల్లాడికి డిప్రెషన్ అని ఎలా తెలుస్తుంది? ఎప్పుడూ చిరాగ్గానే ఉంటాడు.

ఆ చిరాకే లక్షణం కావచ్చు. చిన్నదానికి విరుచుకుపడటం, ఒళ్ళు నొప్పులు, ఆటల మీద ఆసక్తి పోవడం, రాత్రంతా మేలుకోవడం చూడండి. ఇదే ప్రవర్తన తెల్లపిల్లాడిలో కనిపిస్తే కౌన్సెలర్ దగ్గరికి, బ్లాక్ పిల్లాడిలో కనిపిస్తే ప్రిన్సిపాల్ దగ్గరికి పంపడం బడుల్లో పరిపాటి. చనిపోవాలని ఉందన్న మాట ఎలా వచ్చినా, నవ్వుతూ అన్నా, తేలిగ్గా తీసుకోవద్దు.

## సాయం కోసం వెళ్ళేటప్పుడు

థెరపీకి వెళ్ళమంటే ఎందుకంత వెనకాడతారు? సిగ్గా?

సిగ్గు కొంత ఉంటుంది, మన ఇళ్ళల్లో ఉన్నట్టే. అనుమానం మాత్రం అనుభవం నేర్పింది. 1851లో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే డాక్టరు, బానిసలు పారిపోవాలనుకోవడం ఒక మానసిక జబ్బని రాశాడు, దానికో పేరు కూడా పెట్టాడు. 1932 నుంచి 1972 దాకా అలబామా రాష్ట్రంలోని టస్కీగీలో ప్రభుత్వ ఆరోగ్యశాఖ 399 మంది సిఫిలిస్ ఉన్న బ్లాక్ మగవాళ్ళకి, పెన్సిలిన్ వచ్చాక కూడా వైద్యం ఇవ్వకుండా జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చుంది. పౌరహక్కుల ఉద్యమం రోజుల నుంచి బ్లాక్ మగవాళ్ళ కోపాన్ని స్కిజోఫ్రీనియాగా, అంటే లేనిపోని భ్రమలు కలిగే తీవ్రమైన మానసిక జబ్బుగా, రాయడం పెరిగింది. 1974లో ఆ జబ్బుకి వాడే హాలోపెరిడాల్ మందు ప్రకటనలో పిడికిలి బిగించిన బ్లాక్ మనిషి బొమ్మ వేశారు. మూడ్‌కి సంబంధించిన జబ్బుతో వచ్చిన బ్లాక్ రోగికి స్కిజోఫ్రీనియా అని రాసే పొరపాటు ఇప్పటికీ ఉంది. అమెరికన్ సైకియాట్రిస్టుల సంఘం, సైకాలజిస్టుల సంఘం 2021లో విడివిడిగా క్షమాపణ చెప్పాయి.

థెరపిస్టు కూడా బ్లాకే అయి ఉండాలా?

అక్కర్లేదు, కానీ కావాలనుకోవడం సహజం. అదే దొరకని పరిస్థితి. అమెరికాలో సైకాలజిస్టుల్లో బ్లాక్ వాళ్ళు నూటికి అయిదుగురికి అటూ ఇటూ మాత్రమే. వేరే జాతి థెరపిస్టు అయితే మొదటి పది నిమిషాల్లోనే "రేసిజం గురించి మాట్లాడటం మీకు అలవాటేనా, బ్లాక్ క్లయింట్లతో ఎంతకాలంగా పనిచేస్తున్నారు" అని అడగొచ్చు. "నాకు రంగు కనపడదు, అందరూ ఒకటే" అనేవారి దగ్గర డబ్బు వృథా చేసుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

చర్చి ఉంది కదా, సరిపోదా?

చాలామందికి మొదటి ఆసరా అదే, దాన్ని తక్కువ చేయకూడదు. ప్రార్థన, థెరపీ రెండూ చేసేవాళ్ళు బోలెడంతమంది. "నీ విశ్వాసం చాలక ఇలా అయింది" అనే చోట మాత్రం డిప్రెషన్ ఇంకా ముదురుతుంది.

అర్ధరాత్రి పరిస్థితి చేయి దాటితే? పోలీసులొస్తారని భయం.

988 అనే మానసిక సంక్షోభ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయొచ్చు, మెసేజ్ కూడా పంపొచ్చు. 2022 జులై నుంచి దేశమంతటా ఉంది. చాలా కాల్స్ మాటలతోనే ముగుస్తాయి. ప్రాణానికి అప్పటికప్పుడు ముప్పు ఉందనుకుంటే వాళ్ళు అత్యవసర సేవల్ని పిలిచే అవకాశం ఉంది. అందుకే మొదట్లోనే "పోలీసులు అక్కర్లేదు, మానసిక వైద్య బృందం ఉంటే పంపండి" అని చెప్పండి. కొన్ని ఊళ్ళల్లో అలాంటి మొబైల్ బృందాలు ఉన్నాయి. మీ ఊళ్ళో ఉందో లేదో పగటిపూటే కనుక్కుని నంబరు ఫ్రిజ్ మీద అంటించుకోండి.

## తోడుగా ఉండేవాళ్ళకి

మేమూ బ్రౌన్ మనుషులమే, మాకూ అవమానాలు జరిగాయి. "మాకూ అంతే" అనొచ్చా?

వాళ్ళు బాధ చెప్తున్నప్పుడు అనకండి. మీ అనుభవం నిజమే, దానికి వేరే సమయం ఉంది. మనం ఈ దేశానికి ఇంతమంది రాగలిగింది 1965 వలస చట్టం వల్ల. పౌరహక్కుల ఉద్యమం దారి వేయకపోతే ఆ చట్టం వచ్చేది కాదు. ఆ ఉద్యమంలో దెబ్బలు తిన్నది వీళ్ళ పెద్దలు. "మేం కష్టపడి పైకొచ్చాం, వాళ్ళెందుకు రాలేదు" అని భోజనాల దగ్గర అనేవారికి ఈ సంగతి చెప్పండి. ఈ రెండు బాధల మధ్య చుట్టరికాన్ని చూసిన మనిషి అంబేడ్కర్. ఆయన 1946లో డుబోయిస్‌కి ఉత్తరం రాశారు.

మా అమ్మాయి బ్లాక్ అబ్బాయిని పెళ్ళి చేసుకుంది. మనవరాలు పుట్టింది. మేం ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

ముందు పాపని చూడటానికి వచ్చే మన చుట్టాల నోళ్ళు కట్టేయాలి. "కాస్త రంగు తక్కువైనా ముఖం కళగా ఉంది", "అమ్మ పోలిక రాలేదే" అన్న మాటలు పాపకి అర్థం కావనుకోకండి. 1940ల్లో కెనెత్, మేమీ క్లార్క్ దంపతులు చిన్న బ్లాక్ పిల్లల ముందు తెల్ల బొమ్మనీ నల్ల బొమ్మనీ పెట్టి మంచి బొమ్మ ఏది అని అడిగారు. ఎక్కువమంది తెల్ల బొమ్మని చూపించారు. తర్వాత "నీలా ఉన్న బొమ్మ ఏది" అంటే కొందరు ఏడ్చేశారు. 1954లో బడుల్లో వేర్పాటు చెల్లదన్న సుప్రీంకోర్టు తీర్పులో ఆ పరిశోధన ప్రస్తావన ఉంది. మూడు నాలుగేళ్ళకే పిల్లలకి ఇంత తెలుస్తుంది.

నల్ల బొమ్మలు కొనండి. సున్నిపిండితో రంగు తేలుతుందని రుద్దకండి. పాప జుట్టు ఎలా దువ్వాలో వియ్యపురాలి దగ్గర కూర్చుని నేర్చుకోండి, అమ్మమ్మకి ఆ పని వస్తే పాపకి ఎంత ధైర్యమో. మనవడు పుట్టి కాస్త పెద్దయ్యాక, పోలీసు ఆపితే చేతులు ఎక్కడ పెట్టాలో వాళ్ళ నాన్న చెప్తాడు. దాన్ని వాళ్ళు 'ద టాక్' అంటారు. "పిల్లాడిని ఎందుకు భయపెడతావు అల్లుడూ" అని అడ్డురాకండి.

హైదరాబాద్‌లో మా ఇంట్లో ఆఫ్రికన్ విద్యార్థి అద్దెకి అడుగుతున్నాడు. చుట్టుపక్కలవాళ్ళు వద్దంటున్నారు.

టోలిచౌకి లాంటి చోట్ల ఏళ్ళుగా ఆఫ్రికన్ విద్యార్థులు ఉంటున్నారు. నిజాం కాలం నుంచీ ఏసీ గార్డ్స్‌లో ఆఫ్రికా మూలాలున్న సిద్దీ కుటుంబాలు ఉన్నాయి, వాళ్ళు పూర్తిగా హైదరాబాదీలే. ఎక్కడో ఒకడు డ్రగ్స్‌తో దొరికాడని అందరినీ అనుమానించడం వల్ల ఈ పిల్లలు ఇల్లు కోసం వీధి వీధీ తిరుగుతున్నారు. ఇంటికి ఇంత దూరంలో, ఆటోలో ఎక్కించుకోకుండా పోయినప్పుడల్లా, పిల్లలు వెనకపడి పేర్లు పెట్టి అరిచినప్పుడల్లా ఆ కుర్రాడికి ఏమనిపిస్తుందో మీరే చెప్పండి. పాస్‌పోర్టు, వీసా, కాలేజీ కాగితాలు చూడండి, విదేశీయులు అద్దెకి దిగితే ఇంటి ఓనరు ప్రభుత్వానికి ఇవ్వాల్సిన ఫారం నింపండి. మిగతా అద్దెవాళ్ళ దగ్గర ఎంత అడ్వాన్సు తీసుకుంటారో అంతే తీసుకోండి. జ్వరమొస్తే దగ్గర్లో ఏ డాక్టరు ఉన్నాడో, నీళ్ళ ట్యాంకరు ఏ రోజు వస్తుందో చెప్పి తాళం చేతికివ్వండి.